ఆగవలసిన చోటు, ఆగరాని చోటు

తెలుగువారి ప్రయాణ సాహిత్యంలో దారి అంటే మజిలీల వరుస. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31 సంవత్సరాలలో చెన్నపట్టణం నుంచి కాశికి వెళ్లి తిరిగివచ్చిన వృత్తాంతాన్ని ‘కాశీయాత్ర చరిత్ర’గా గ్రంథస్థం చేసినప్పుడు, ఏ మజిలీలో నీటి వసతి ఉంది, ఎక్కడ అంగళ్లు ఉన్నాయి, ఎక్కడ దిగడానికి చోటు దొరుకుతుంది అన్న వివరాలను ఎంతో శ్రద్ధతో నమోదు చేశారు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’లో కథ నడిచేది బాటసారులు ఆగిన చోటనే. అశోకుని ధర్మశాసనాలు బాటల వెంట మర్రిచెట్లు నాటించిన సంగతి, బావులు తవ్వించిన సంగతి చెబుతాయి. ఆ బాటలు ఎంత త్వరగా గమ్యం చేరుస్తాయో చెప్పవు. చలివేంద్రం పెట్టించడం, సత్రం కట్టించడం పుణ్యకార్యాలుగా లెక్కకు వచ్చింది కూడా ఇందువల్లనే. నడిచేవాడి శ్రమను గుర్తించడం, ఆగినవాడికి నీడనివ్వడం దారికి ధర్మంగా భావించారు.

ఆధునిక రహదారి లెక్క వేరు. దాని ఘనతను కిలోమీటర్లలో, గంటలలో, వరసల సంఖ్యలో కొలుస్తారు. ఆగడం అక్కడ ఆలస్యానికి పర్యాయపదం. ఈ కొలమానం వల్ల దేశానికి జరిగిన మేలును కాదనడం అన్యాయమే అవుతుంది. రోగిని ఆసుపత్రికి, పంటను సంతకు, విద్యార్థిని కళాశాలకు సకాలంలో చేర్చిన దారులు ఎన్నో జీవితాలను నిలబెట్టాయి. అయితే ఒక నైతిక ప్రశ్న మిగిలే ఉంటుంది. దారి దాని మీద పోయేవారిదా, దాని పక్కన ఉండేవారిదా? ఇద్దరిదీ అని సులభంగా సమాధానం చెప్పవచ్చు. ఇద్దరి అవసరాలూ ఒకే చోట ఢీకొన్నప్పుడు ఆ సమాధానం చాలదు. ఈ ప్రశ్నకు అండమాన్ దీవులలోని ట్రంకు రోడ్డు అపురూపమైన ఉదాహరణ. ఒకే రహదారి ఒక కొసన జనావాసాల మధ్య నుంచి, మరికొంత దూరంలో ఆదిమ జాతి అడవి మధ్య నుంచి సాగుతుంది. మొదటి చోట ఆగడం ఒక హక్కు. రెండవ చోట ఆగడం ఒక నేరం.

శివారు దారి

1858 మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం అండమాన్‌లో శిక్షాస్థావరాన్ని నెలకొల్పింది. అడవి కొట్టి తొలి బాటలు వేసినవారు ఖైదీలు. ఆ బాటల వెంట వెలసిన గ్రామాలలో పాలకుల పేర్లు ఇప్పటికీ వినిపిస్తాయి. 1920వ దశకంలో చీఫ్ కమిషనర్‌గా పనిచేసిన ఫెరార్ పేరు మీద ఏర్పడిన ఫెరార్‌గంజ్ అటువంటిది. శిక్ష ముగిసినవారు, వారి సంతతి, 1949 నుంచి తరలివచ్చిన తూర్పు బెంగాల్ శరణార్థులు, అడవి పనులకు చోటానాగపూర్ ప్రాంతం నుంచి వచ్చి ‘రాంచీలు’గా పేరుపడిన శ్రామికులు, దక్షిణాది నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవారు ఈ గ్రామాలలో స్థిరపడ్డారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చిన తెలుగు మత్స్యకార కుటుంబాలకు ఇక్కడ తరాల చరిత్ర ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తరువాతి స్థానం తెలుగుదే.

2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి గారాచర్మ, సిప్పీఘాట్ మీదుగా ఫెరార్‌గంజ్ వైపు సాగే దారి ఒకప్పుడు పల్లెల దారి. పట్టణం పెరిగిన కొద్దీ అది శివారు దారి అయింది. 2011 నాటికి గారాచర్మ, ప్రోత్రాపూర్ జనగణన పట్టణాలుగా గుర్తింపు పొందాయి. ఈ దారే ముందుకు సాగి దక్షిణ, మధ్య, ఉత్తర అండమాన్‌లను కలుపుతూ డిగ్లీపూర్ వరకు పోయే ట్రంకు రోడ్డుకు తొలి భాగం. జాతీయ రహదారిగా దాని సంఖ్య మొదట 223. ఇప్పుడు 4. పొడవు సుమారు 230 కిలోమీటర్లు. 2004 డిసెంబరు నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ నేల దాదాపు ఒక మీటరు కుంగిపోగా, సిప్పీఘాట్ పరిసరాలలోని పొలాలు ఉప్పునీటి పాలయ్యాయి. వరుసగా వచ్చే వానలు, మెత్తని కొండచరియలు, కుంగిన నేల — వీటి మధ్య ఈ రహదారిని బాగుచేయడం, వెడల్పు చేయడం అవసరం కాదని ఎవరూ అనలేరు. గత దశాబ్దంలో జాతీయ రహదారుల, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ ఆ పనిని చేపట్టింది.

కొండ ప్రాంతంలో దారిని వెడల్పు చేయడమంటే ఒక పక్క గట్టును తొలచడం, మరొక పక్క అడ్డుగోడ కట్టి మట్టి నింపడం. మురుగు కాలువ జరుగుతుంది. రోడ్డు మట్టం పెరుగుతుంది. ఇళ్ల గుమ్మాలు దిగువకు పోతాయి. విస్తరణ జరిగే ప్రతి శివారు దారిలోనూ ఈ మార్పులతో పాటు, ఎవరూ పెద్దగా పట్టించుకోని మరొక మార్పు జరుగుతుంది. బస్టాపు చోటు మారుతుంది.

నిలిచే హక్కు

పాత బస్టాపును ఎవరూ రూపకల్పన చేయలేదు. బడి ముందో, రేషను దుకాణం పక్కనో, చింతచెట్టు కిందో మనుషులు నిలబడటం మొదలుపెట్టారు. బస్సు అక్కడ ఆగడం అలవాటు చేసుకుంది. కొన్నాళ్లకు ఒక టీ బడ్డీ వచ్చింది. ఆ తరువాత చేపల తట్టలు దించుకునేందుకు అరుగు వంటిది ఏర్పడింది. చివరకు పంచాయతీ రేకుల కప్పు వేయించింది. అంటే అక్కడ మజిలీ ముందు పుట్టింది, కట్టడం తరువాత వచ్చింది. చెరువు గట్టు, రచ్చబండ వంటి చోట్లకు ఉన్న లక్షణమే దీనికీ ఉంది. ఏ పనీ లేకుండా అక్కడ నిలబడినా ఎందుకు నిలబడ్డావని అడిగేవారు ఉండరు. భిన్న భాషలవారు పక్కపక్కన బతికే దీవులలో ఈ గుణం మరింత విలువైనది. బెంగాలీ రైతు, తెలుగు చేపలమ్మ, తమిళ బడిపిల్లవాడు, రాంచీ కూలి ఒకరి మాట ఒకరు నేర్చుకునేది సభలలో కాదు. బస్సు కోసం నిరీక్షించే ఆ పావుగంటలోనే హిందీ అందరి ఉమ్మడి భాష అవుతుంది.

రహదారి నిర్మాత దృష్టి వేరుగా ఉంటుంది. అతని వాదనలో న్యాయం లేకపోలేదు. కూడలి ముఖాన బస్సు ఆగితే వెనుక వాహనాలు నిలిచిపోతాయి, ప్రమాదాలు జరుగుతాయి. కనుక బస్టాపు కూడలికి కొంత ఎడంగా ఉండాలి, బస్సు పక్కకు తప్పుకొని ఆగడానికి వేరే చోటు ఉండాలి అని నియమం. ఆ నియమం ప్రాణాలను కాపాడటానికి ఏర్పడినదే. చిక్కు నియమంలో లేదు, లెక్కలో ఉంది. ప్రణాళికలో బస్సు ఒక వాహనంగా లెక్కకు వస్తుంది. దాని కోసం నిలిచి ఉన్న మనిషి లెక్కకు రాడు. ప్రయాణంలో ఆదా అయిన నిమిషాలను కూడేవారు, కొత్త బస్టాపు వరకు తట్ట నెత్తిన పెట్టుకొని నడిచిన నిమిషాలను తీసివేయరు. వెడల్పయిన దారిని దాటడానికి వృద్ధురాలికి పట్టే సమయం, ఆమె గుండెదడ ఏ పట్టికలోనూ కనిపించవు.

చట్టం కూడా ఇక్కడ పూర్తిగా చేయూతనివ్వలేదు. భూమికి హక్కుపత్రం ఉన్నవారికి పరిహారం దొరుకుతుంది. ఇంటికి, దుకాణానికి ఏదో ఒక విలువ కడతారు. నీడకు పట్టా లేదు. నిరీక్షణకు దస్తావేజు లేదు. అందరిదీ అయిన చోటు పోయినప్పుడు నష్టపోయినవారు చాలామంది ఉంటారు. దావా వేయదగినవారు ఒక్కరూ ఉండరు. ఉమ్మడి వస్తువు నశించడంలో ఉన్న విషాదం ఇదే. దాని యజమాని ఎవరో తెలియదు కనుక దాని మరణానికి దుఃఖించేవారెవరో కూడా తెలియదు.

దీని నుంచి పాత బస్టాపు పవిత్రమని, దానిని కదిలించరాదని తేల్చడం పొరపాటు. పాత చింతచెట్టు కింద నిలబడి బస్సు చక్రాల కింద పడినవారూ ఉండవచ్చు. చోటు మార్చవచ్చు. మార్చేముందు, అక్కడ ఇంతకాలం జరుగుతూ వచ్చినది ఏమిటో తెలుసుకోవలసిన బాధ్యత మార్చేవారిది. బస్సు ఎక్కడానికి మాత్రమే అక్కడికి జనం వచ్చారని భావిస్తే కొత్త చోట రేకుల కప్పు సరిపోతుంది. జనం ఒకరికొకరు ఎదురుపడటానికి కూడా వచ్చారని గ్రహిస్తే, బడికి దారి, దుకాణానికి చోటు, నీడ, నీరు అన్నీ ఆ ప్రణాళికలో భాగమవుతాయి. నిలబడే చోటు లేని మనిషికి దారి ఉన్నా లేనట్టే. శివారు దారి విషయంలో న్యాయం ఇంతవరకు స్పష్టమే. పోయేవాడు ఉండేవాడి కోసం ఆగాలి.

అడవిలోని నియమం

అదే రహదారి మీద ఫెరార్‌గంజ్ దాటి జిర్కాటాంగ్ చేరేసరికి ఈ ధర్మం తలకిందులవుతుంది. అక్కడి తనిఖీ కేంద్రం దగ్గర వాహనాలన్నీ బారులు తీరుతాయి. నిర్ణీత వేళకు, పోలీసు రక్షణతో, ఒక బారుగా బయలుదేరుతాయి. మిడిల్ స్ట్రెయిట్ వరకు సుమారు 50 కిలోమీటర్ల మేర ఎక్కడా ఆగరాదు, ఒకదానినొకటి దాటిపోరాదు, వేగం హద్దు మీరరాదు, ఫొటోలు తీయరాదు, ఎవరికీ ఏమీ ఇవ్వరాదు. ఎందుకంటే అది జారవాల అడవి. 1956 నాటి ఆదిమ జాతుల రక్షణ రెగ్యులేషన్ కింద 1957లో దానిని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 2001 జనాభా లెక్కలలో జారవాల సంఖ్య 240. 2011లో 380.

ఈ దారి నిర్మాణం 1970వ దశకంలో అడవిలోకి చొరబడింది. జారవాలు దానిని ఆమోదించలేదు. వారి అసమ్మతికి అక్షరాలు లేవు, బాణాలు ఉన్నాయి. దాడుల వల్ల పనికి పలుమార్లు అంతరాయం కలిగింది, కూలీలు ప్రాణాలు కోల్పోయారు. చనిపోయినవారు ఆ దారిని కోరినవారు కారు, కూలి కోసం వచ్చినవారు. బాణం వేసినవారికి ఈ సంగతి తెలియదు. ఒకరి ఇల్లు, మరొకరి కూడు ఎదురెదురుగా నిలిచిన ఆ అడవిలో నిర్ణయం తీసుకున్నవారు మాత్రం లేరు. 1980వ దశకం చివరికి దారి పూర్తయింది. 1997 చివరి నుంచి జారవాలు తమంతట తాముగా జనావాసాలకు రావడం మొదలుపెట్టారు. 1999లో వారిలో తట్టు వ్యాపించింది.

తట్టు పేరు వినగానే అండమాన్ చరిత్ర తెలిసినవారికి 1877 గుర్తుకు వస్తుంది. ఆ సంవత్సరం వచ్చిన తట్టు మహా అండమానీయులను పెద్ద సంఖ్యలో బలిగొన్నది. శిక్షాస్థావరం ఏర్పడేనాటికి వేలల్లో ఉన్న ఆ జాతి 1901 నాటికి 625 మందికి, 1961 నాటికి 19 మందికి తగ్గిపోయింది. వారిని నాశనం చేయాలని అందరూ సంకల్పించలేదు. వారికి మంచి చేద్దామని ఆశ్రమాలు నెలకొల్పినవారు కూడా ఆ వినాశనంలో భాగస్వాములయ్యారు. దగ్గరకు పోవడమే ప్రమాదమైన చోట సదుద్దేశం రక్షణ కాజాలదన్నది ఆ చరిత్ర చెప్పిన పాఠం.

దారి విషయం న్యాయస్థానం దాకా వెళ్లింది. 2002 మే 7న సుప్రీంకోర్టు, తాను నియమించిన కమిషన్ సిఫారసుల మీద, జారవా రక్షిత ప్రాంతం వెంబడి ట్రంకు రోడ్డు భాగాలను మూసివేయాలని ఆదేశించింది. ఆ ఆదేశం అమలు కాలేదు. 2004లో ప్రకటించిన జారవా విధానం, వారి ఇష్టానికి విరుద్ధంగా వారిని ప్రధాన జీవన స్రవంతిలోకి తెచ్చే ప్రయత్నం చేయరాదని, ఆ దారి మీద రాకపోకలను అత్యవసరాలకు పరిమితం చేయాలని పేర్కొన్నది. 2012 జనవరిలో, పర్యాటకుల కోసం జారవా స్త్రీల చేత నాట్యం చేయిస్తున్న దృశ్యాలు ఒక బ్రిటిష్ పత్రిక ద్వారా వెలుగులోకి వచ్చి దేశాన్ని కలవరపరిచాయి. అదే సంవత్సరం రెగ్యులేషన్‌ను సవరించి శిక్షలను కఠినతరం చేశారు. 2013 జనవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో పర్యాటకుల ప్రయాణం ఆగింది. మార్చిలో మళ్లీ మొదలైంది.

అవసరం, వినోదం

ఆగరాదన్న నియమాన్ని అక్షరాలా పాటించినా దాని ఆంతర్యాన్ని ఉల్లంఘించవచ్చు. బారటాంగ్‌లోని సున్నపురాతి గుహలను, బురద అగ్నిపర్వతాన్ని చూడటానికి బయలుదేరిన పర్యాటకుడు దారిలో బండి ఆపడు, కెమెరా తీయడు. కాని కిటికీ పక్కన కూర్చున్న అతని కన్ను రెండువైపులా వెతుకుతూనే ఉంటుంది. వాహనం ఆగకపోయినా చూపు ఆగుతుంది. ఎదుటి మనిషిని గుహతో, బురద కొండతో సమానమైన దర్శనీయ వస్తువుగా భావించడంలోనే తప్పు మొదలవుతుంది. ఆ తరువాత విసిరే బిస్కెట్ పొట్లం, ఇచ్చే పొగాకు ఆ తప్పుకు కొనసాగింపులు మాత్రమే. చెట్టు మీద నుంచి తొంగిచూడటాన్ని పొరుగింటివాడు సహించనప్పుడు, గోడలు కట్టుకోని జాతికి ఆ మర్యాద వర్తించదని ఎవరూ వాదించలేరు.

అయితే అదే బారులో మరొక బస్సు ఉంటుంది. రంగత్ నుంచో, మాయాబందర్ నుంచో, డిగ్లీపూర్ నుంచో బయలుదేరిన ఆ బస్సులో పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి పోయే గర్భిణి ఉండవచ్చు, పరీక్షకు పోయే విద్యార్థి ఉండవచ్చు. ఆమె తాత శరణార్థిగా ప్రభుత్వం చూపిన చోట దిగినవాడు. అడవిని తానుగా ఎంచుకున్నవాడు కాడు. ఖైదీల సంతతి గురించీ ఇదే చెప్పాలి. ఇష్టపడి రానివారి బిడ్డలు, ఇష్టం తెలుపని జాతి అడవి గుండా పోతున్నారు. ఇక్కడ దోషం వేరు, బాధ్యత వేరు. గర్భిణి దోషి కాదు. ఆమె ఎక్కిన బస్సు వల్ల జారవాలకు కలిగే హానికి బాధ్యత వహించవలసినవారు మాత్రం ఉన్నారు. ఆమెకు మరొక మార్గం చూపగలిగి చూపనివారే వారు. ఈ దీవులలో దారి రాకముందు ప్రయాణమంతా సముద్రం మీదనే సాగింది. ఓడ వేళకు నడవని చోట అడవి దారి అవసరమవుతుంది. ఓడ వేళకు నడిస్తే, ఆసుపత్రి దగ్గరకు వస్తే, అదే దారి మీద పోవడం క్రమంగా సౌకర్యం మాత్రమే అవుతుంది. అందువల్ల రంగత్‌లో మంచి వైద్యుడిని నియమించడం కూడా జారవాల రక్షణే. నౌకాయాన కార్యాలయంలోని ఒక కాలపట్టిక, అడవి అంచున నిలిపిన పోలీసు కన్నా ఎక్కువ మేలు చేయవచ్చు.

దారి కోరనివారి మీద దారి వేయడం తెలుగు నేలకు కొత్త కథ కాదు. 1922-24 మధ్య సాగిన రంప పితూరీకి దారితీసిన కారణాలలో, నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేసిన ఘాట్ రోడ్డు పనికి కొండవారిని చాలీచాలని కూలికి బలవంతంగా తోలుకుపోవడం ఒకటి. పోడు వ్యవసాయాన్ని నిషేధించినవారి బండ్లు రావడానికి, పోడు కోల్పోయినవారే రాళ్లు మోయవలసి వచ్చింది. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో వారు తిరగబడ్డారు. ఈనాడు మన్యంలో దారి లేక రోగిని డోలీలో మోసుకుపోయే గూడేలు దారిని అడుగుతున్నాయి. ఆ రెండు కాలాల మధ్య తేడా కొండలో లేదు, తారులో లేదు. మొదటి దారిని పైవారు శాసించారు, రెండవ దారిని ఉన్నవారు కోరుతున్నారు. దారిని ప్రగతి అనో, ఆక్రమణ అనో ముందుగా నిర్ణయించలేకపోవడానికి కారణం ఇదే. దాని స్వభావాన్ని నిర్ణయించేది, దాని పక్కన ఉన్నవారి మాటకు దొరికిన విలువ.

ఇప్పుడు గారాచర్మ బస్టాపును, జిర్కాటాంగ్ తనిఖీ కేంద్రాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, తలకిందులైనట్టు కనిపించిన రెండు ధర్మాలు నిజానికి ఒకటేనని తెలుస్తుంది. రెండు చోట్లా పోయేవాడి మీద ఉన్న విధి ఉండేవాడి పట్ల మర్యాద. ఒక చోట ఆ మర్యాద ఆగడంగా, మరొక చోట ఆగకపోవడంగా వ్యక్తమవుతుంది. శివారులో మనుషులు బస్సును పిలుస్తున్నారు. అడవిలో పిలవలేదు. ఎప్పుడైనా పిలిస్తే, ఆ పిలుపు ఆకలిదా, అలవాటుదా, నిజమైన కోరికదా అని ఓపికగా తెలుసుకోవలసి ఉంటుంది. జారవా యువతరం రేపు ఏమి కోరుతుందో నిర్ణయించే హక్కు ఇతరులకు లేదు. వారిని అద్దాల పెట్టెలో భద్రపరచాలన్న వాదనలోనూ, వారిని త్వరగా అందరిలో కలపాలన్న వాదనలోనూ ఒకే లోపం ఉంది. రెండూ వారి తరఫున వారికన్నా ముందే మాట్లాడతాయి.

రహదారులు వేసేవారికి, వాటికి అనుమతులు ఇచ్చేవారికి ఈ విచారణ నుంచి ఒక ఆచరణీయమైన క్రమం లభిస్తుంది. కొలతల గొలుసు నేల మీద పరచకముందే, ఆ నేల మీద ఎవరు ఎక్కడ ఎందుకు నిలుస్తున్నారో, ఎవరు ఎవరినీ రానివ్వకుండా బతకదలచుకున్నారో తెలుసుకోవాలి. బస్టాపును రోడ్డు పని ముగిశాక మిగిలిన చోట పెట్టే వస్తువుగా కాక, పటం మీద మొదట గుర్తించే బిందువుగా చూడాలి. అడవి దారి మీద నడిచే ప్రతి బస్సునూ, అది అవసరానికి నడుస్తున్నదా వినోదానికి నడుస్తున్నదా అని ఏటేటా ప్రశ్నించాలి. ఇందుకు పెద్ద వ్యయం అక్కరలేదు. పోయేవారి తొందర కన్నా ఉండేవారి ఉనికి ముందుదని ఒప్పుకునే మనస్సు కావాలి. వెనుకటి కాలంలో సత్రాలు కట్టించినవారికి ఆ మనస్సు ఉండేది. జిర్కాటాంగ్ దగ్గర బారు తీరి వేళ కోసం ఎదురుచూసే బస్సులు ప్రతి ఉదయం, తెలిసో తెలియకో, ఆ మర్యాదలో కొంత భాగాన్ని పాటిస్తూనే ఉన్నాయి.